నోటు వెనక చెల్లు

ప్రోనోటు ముందువైపు ఏముంటుందో అందరికీ తెలుసు. ఇచ్చినవారి పేరు, పుచ్చుకున్నవారి పేరు, అంకెల్లోనూ అక్షరాల్లోనూ సొమ్ము, నూటికి నెలకు ఇంత వడ్డీ అన్న మాట, కింద రెవెన్యూ స్టాంపు, దాని మీదుగా సాగిన సంతకం. అప్పు తీరిన కథ మాత్రం కాగితం వెనక్కి తిప్పితే కనిపిస్తుంది. ‘ఫలానా తేదీన పదివేల రూపాయలు చెల్లు’ అని ఒక వరుస. దాని కింద ఏడాది తర్వాత ఇంకో వరుస, వేరే రంగు సిరాతో. మిరప అమ్మినప్పుడు ఒకటి, పట్నంలో ఉద్యోగం చేసే కొడుకు డబ్బు పంపినప్పుడు మరొకటి. ఆఖరి బాకీ తీరిన రోజున ఆ నోటు చేతిలోకి తీసుకుని, అప్పిచ్చినవారి వాకిట్లోనే నిలబడి నాలుగు ముక్కలుగా చించేస్తారు.

చట్టం దృష్టిలో చెల్లు ఒక సాక్ష్యం. ప్రోనోటుకు మూడేళ్ల కాలపరిమితి ఉంది. ఆ గడువు లోపల బాకీదారు కొంత కట్టి సంతకంతో చెల్లు వేస్తే, 1963 నాటి లిమిటేషన్ చట్టం ప్రకారం గడువు ఆ తేదీ నుంచి మళ్లీ మొదలవుతుంది. కాబట్టి చెల్లు రాయించుకునేది ముఖ్యంగా అప్పిచ్చినవారి ధీమా కోసమే. అయితే మనుషులు అప్పుల్ని ఎలా తీరుస్తారు, మధ్యలో ఎందుకు చతికిలబడతారు అన్నదాని మీద ఇటీవలి పరిశోధనలు చదువుతుంటే, ఆ నాలుగు వరుసలు తీర్చేవారికే ఎక్కువ మేలు చేస్తాయని తోస్తుంది. ఇవాళ్టి అప్పులకు ఆ వెనకవైపు లేకుండా పోయింది. ఒకటో తారీఖునో అయిదో తారీఖునో ఖాతాలోంచి డబ్బు దానంతట అదే వెళ్లిపోతుంది. ఫోనుకు ఒక సందేశం వస్తుంది. ఎంత పోయిందో అందులో ఉంటుంది కానీ, మనం ఎంత దూరం వచ్చామో ఉండదు.

కట్టినా తగ్గని అప్పు

అప్పు తీర్చేయాలన్న పట్టుదల మొదటి రెండు మూడు నెలలు గట్టిగానే ఉంటుంది. బయట టిఫిన్లు మానేస్తాం. పండక్కి కొత్త బట్టలు వద్దనుకుంటాం. నాలుగో నెలలో స్టేట్‌మెంటు తెరిచేసరికి ఉసూరుమంటుంది. ఇంత కట్టినా అప్పు అలాగే ఉందేమిటి అన్న నీరసానికి కారణం వడ్డీ లెక్కలోనే ఉంది.

ఏడాదికి 14 శాతం వడ్డీతో 3 లక్షల పర్సనల్ లోన్ తీసుకుని నాలుగేళ్లలో తీరుస్తున్నామనుకుందాం. నెలకు వాయిదా దాదాపు 8,200 రూపాయలు. మొదటి వాయిదాలో 3,500 వడ్డీకే సరిపోతుంది, అసలులో తగ్గేది 4,700 మాత్రమే. ఒక్క వాయిదా కూడా తప్పకుండా రెండేళ్లు కట్టాక, అంటే సరిగ్గా సగం కాలం గడిచాక కూడా అసలు 1,70,000 పైచిలుకు మిగిలే ఉంటుంది. ఆఖరి వాయిదాకొచ్చేసరికి వడ్డీ వంద రూపాయల లోపే. ప్రతి నెలా ఒకే మొత్తం కడతాం, కానీ దాని ఫలం ఆరంభంలో కొంచెమే, చివర్లో దండిగా కనిపిస్తుంది.

క్రెడిట్ కార్డు దగ్గర ఇది మరీ కఠినం. 50,000 బాకీ మీద నెలకు 3.5 శాతం చొప్పున వడ్డీ 1,750. దాని మీద 18 శాతం జీఎస్టీ 315. రెండూ కలిపి 2,065. ఆ నెల మనం 2,500 కడితే బాకీ తగ్గేది 435 రూపాయలు. ఇక ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. లక్ష తీసుకున్నవారు నెలకు 2,000 చొప్పున ఎన్నేళ్లు కట్టినా అసలు లక్షా లక్షలాగే ఉంటుంది. ‘వడ్డీలు కట్టుకుంటూ బతుకుతున్నాం’ అని మనవాళ్లు నిట్టూర్చేది ఈ స్థితి గురించే.

పడిన కష్టానికి ఫలితం కంటికి ఆనకపోతే ఏ మనిషికైనా చేయి ఆడదు. దీన్ని క్రమశిక్షణ లేకపోవడంగా చూసి మనల్ని మనం తిట్టుకుంటాం. ప్రయోగాలు చెబుతున్నది వేరు.

గమ్యం కనిపిస్తే కాలు సాగుతుంది

అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త క్లార్క్ హల్ 1930లలో ఎలుకల్ని పొడవాటి దారిలో పరుగెత్తించి చూశాడు. దారి చివర తిండి ఉంటుంది. తిండి దగ్గరపడేకొద్దీ ఎలుకల వేగం పెరిగింది. గమ్యం చేరువైన కొద్దీ ప్రయత్నం పెరుగుతుందన్న ఈ సూత్రాన్ని 2006లో రాన్ కివెట్జ్, ఆయన సహ పరిశోధకులు మనుషుల మీద పరీక్షించారు. న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో ఒక కాఫీ దుకాణం కార్డులిచ్చింది. పది కాఫీలు తాగి పది ముద్రలు వేయించుకుంటే ఒక కాఫీ ఉచితం. కార్డు నిండుతున్న కొద్దీ జనం ఇంకా త్వరత్వరగా కాఫీకి వచ్చారు. అది నిండి కొత్త కార్డు తీసుకోగానే మళ్లీ నెమ్మదించారు.

అదే ఏడాది జోసెఫ్ న్యూన్స్, జేవియర్ డ్రెజ్ ఇంకో అడుగు ముందుకేశారు. కార్లు కడిగే చోట 300 మందికి కార్డులు పంచారు. సగం మందికి ఎనిమిది గళ్ల ఖాళీ కార్డు. మిగతా సగం మందికి పది గళ్ల కార్డు, కానీ అందులో రెండు గళ్లకు ముందే ముద్రలు వేసి ఇచ్చారు. ఎవరికైనా ఇంకా కావలసింది ఎనిమిది ముద్రలే. ఖాళీ కార్డువాళ్లలో 19 శాతం మంది పూర్తి చేస్తే, రెండు ముద్రలతో మొదలైనవాళ్లలో 34 శాతం మంది పూర్తి చేశారు. చేయాల్సిన పనిలో తేడా లేదు. ‘ఇప్పటికే మొదలైంది’ అన్న భావన ఒక్కటే ఆ తేడా తెచ్చింది.

అప్పు దగ్గర దీనికి అర్థం చాలా స్పష్టం. లెక్కను ఇవాళ మిగిలిన బాకీ నుంచి మొదలుపెట్టకండి. ఆ అప్పు ఒకప్పుడు ఎంత ఎత్తున ఉండేదో అక్కణ్నుంచి మొదలుపెట్టండి. 3 లక్షల అప్పులో 40,000 తీరిపోయి ఉంటే, పుస్తకంలో మొదటి పేజీ మీద ఆ 40,000 చెల్లు రాసే ముందుకు కదలండి. అది ఆత్మవంచన కాదు. ఆ సొమ్ము మీరు నిజంగానే కట్టారు, దాన్ని ఎవరూ మీ కళ్ల ముందు పెట్టలేదు, అంతే.

రాసుకోవడానికీ ఆధారం ఉంది. 2016లో బ్రిటన్‌లోని షెఫీల్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 138 అధ్యయనాలను కలిపి పరిశీలించారు. పెట్టుకున్న లక్ష్యం ఎంతవరకు వచ్చిందో తరచూ చూసుకునేవారు దాన్ని చేరే అవకాశం ఎక్కువని తేలింది. ఆ పురోగతిని ఎక్కడో ఒకచోట రాసిపెట్టినా, నలుగురికీ చెప్పినా ప్రభావం మరింత పెరిగింది. ప్రోనోటు వెనక చెల్లు ఈ రెండు పనులూ చేసేది. అది రాత, పైగా ఇంకో మనిషి ఎదుట రాసిన రాత.

మధ్యలో కుంగే కాలం

మొదట్లో ఉత్సాహం, చివర్లో ఆత్రం ఉంటాయి సరే, ఈ రెంటి నడుమ ఏమవుతుంది? ఆంద్రియా బొనెజీ, ఆయన సహచరులు 2011లో దీన్నే పరిశీలించి, పట్టుదల అన్నిటికంటే సన్నగిల్లేది నడిమధ్యలోనని చూపించారు. అటు బయల్దేరిన చోటుకూ దూరమే, ఇటు చేరాల్సిన చోటుకూ దూరమే. వేసే అడుగు ఏ లెక్కలోనూ పెద్దదిగా కనిపించదు. నాలుగేళ్ల లోనులో రెండో ఏడాదీ మూడో ఏడాదీ అందుకే అంత బరువుగా నడుస్తాయి. కొత్త ఫోను వాయిదాల్లో తీసుకోవాలన్న బుద్ధి ఎక్కువగా ఆ రోజుల్లోనే పుడుతుంది.

దీనికో చక్కని విరుగుడును మిన్‌జంగ్ కూ, ఆయెలెట్ ఫిష్‌బాక్ 2012లో సూచించారు. పూర్తయినదీ మిగిలినదీ ఈ రెంటిలో ఏది చిన్నదో దాని మీద చూపు నిలిపితే మనిషి ఎక్కువ కష్టపడతాడని వారి ప్రయోగాలు తేల్చాయి. మొదటి సగంలో ‘ఎంత తీరింది’ అని చూడాలి. 20,000 తీరిన దగ్గర ఇంకో 5,000 కట్టడమంటే తీరినదానికి నాలుగో వంతు కలిసినట్టు. అదే 5,000ను మిగిలిన 2,80,000 పక్కన పెడితే సముద్రంలో కాకిరెట్టలా ఉంటుంది. సగం దాటాక చూపు తిప్పుకోవాలి. అప్పుడు ‘ఇంకెంత ఉంది’ అన్నదే లెక్క. మిగిలిన 30,000లో 5,000 తగ్గితే ఆరో వంతు ఎగిరిపోయినట్టే కదా.

ఇంకొక ఉపాయం, పెద్ద అప్పును మజిలీలుగా కోసుకోవడం. 3 లక్షల్ని ఒకే కొండగా చూడకుండా పాతికవేలవి పన్నెండు మెట్లుగా గీసుకుంటే, ప్రతి మెట్టుకీ ఒక మొదలూ ఒక చివరా ఉంటాయి. కుంగదీసే ‘నడిమధ్య’ ఎప్పుడూ చిన్నదిగానే ఉంటుంది. నోట్‌బుక్కులో పన్నెండు గళ్లు గీసి, ఒక్కొక్కటీ నిండినప్పుడల్లా రంగు నింపే పని ఇంట్లో పిల్లలకు అప్పజెబితే, అది ఇంటిల్లిపాదీ చేసే పనవుతుంది.

చిన్న అప్పా, పెద్ద వడ్డీనా

మనలో చాలామందికి ఒక్క అప్పు ఉండదు. కార్డు బాకీ ఉంటుంది, బ్యాంకులో బంగారం ఉంటుంది, పాడుకున్న చీటీకి నెలనెలా కట్టాల్సింది ఉంటుంది, బావమరిది దగ్గర తీసుకున్న చేబదులు ఉంటుంది. నెలాఖరుకు నాలుగు వేలు మిగిలితే దేనికి కట్టాలి?

లెక్కల మాస్టారిని అడిగితే ఎక్కువ వడ్డీ ఉన్నదానికి కట్టమంటారు. మనసు మాత్రం చిన్న అప్పు వైపే లాగుతుంది. 2011లో డాన్ ఏరియలీ తదితరులు ఆటలాంటి ప్రయోగంలో కొందరికి వేర్వేరు వడ్డీలున్న అప్పులు అప్పగించి చూశారు. జనం పెద్ద వడ్డీని వదిలేసి చిన్న ఖాతాల్ని మూసేయడానికే మొగ్గారు, దానివల్ల నష్టపోయారు. ఇది పొరపాటేనని ఆ పరిశోధకులు తేల్చారు. మరుసటి ఏడాది డేవిడ్ గాల్, బ్లేక్ మెక్‌షేన్ నిజమైన బాకీదారుల వివరాలు చూశారు. అమెరికాలో అప్పుల పరిష్కార సంస్థ దగ్గరకొచ్చిన దాదాపు ఆరు వేల మంది వాళ్లు. చివరిదాకా నిలిచి అప్పులన్నీ వదిలించుకున్నది ఎవరు? ఎంత సొమ్ము తీర్చారన్నదాని కంటే ఎన్ని ఖాతాలు మూసేశారన్నదే ఆ సంగతిని బాగా పట్టిచ్చింది. 2016లో కీరి కెటిల్, రెమీ ట్రుడెల్ బృందం చేసిన ప్రయోగాల్లోనూ, డబ్బును అన్ని అప్పులకూ కాస్త కాస్త పంచేవారి కంటే ఒకే అప్పు మీద గురిపెట్టినవారు ఎక్కువ పట్టుదల చూపారు. ఆ ఒక్కటీ అన్నిటికంటే చిన్న అప్పయితే ఫలితం ఇంకా బలంగా ఉంది.

మరి చిన్నదాన్ని ముందు తీరిస్తే ఎంత నష్టం? ఒక ఇంటి లెక్క వేసి చూద్దాం. కార్డు బాకీ 60,000, జీఎస్టీతో కలిపి నెలకు 4.13 శాతం వడ్డీ. చేబదులు 8,000, దానికి వడ్డీ లేదు. రెంటికీ కలిపి నెలకు 8,000 కట్టగలరు. మొత్తం కార్డుకే కట్టి చేబదులు చివర్లో తీరిస్తే 11వ నెలలో రెండూ పూర్తవుతాయి, వడ్డీ రూపంలో పోయేది సుమారు 13,300. అలా కాకుండా మొదటి రెండు నెలలూ కార్డుకు 4,000, చేబదులుకు 4,000 ఇచ్చి దాన్ని వదిలించుకుని, తర్వాత మొత్తం కార్డుకు మళ్లిస్తే అదీ 11వ నెలలోనే పూర్తవుతుంది. వడ్డీ 16,800 దాకా అవుతుంది.

అంటే రెండో నెలకే ఒక అప్పు తీరిందన్న తృప్తికీ, బావమరిది ఎదుట తలెత్తుకుని నిలబడడానికీ అయ్యే ధర 3,500 రూపాయలు. గట్టిగా నిలబడగలనన్న నమ్మకం ఉన్నవారు ఆ 3,500 మిగుల్చుకోవాలి. ఇదివరకు రెండుసార్లు మొదలుపెట్టి మధ్యలో వదిలేసినవారికి అది దండగ ఖర్చు కాదు. ఎందుకంటే అయిదో నెలలో విసిగి మానేస్తే ఆ కార్డు మీద పడే వడ్డీ ముందు 3,500 ఏపాటి? అయితే చిన్న అప్పు మరీ చిన్నది కానప్పుడు, ఉదాహరణకు అది కూడా ఏ 40,000 ఉన్నప్పుడు, ఈ వాదన నిలవదు. విజయం ఆలస్యమవుతుంది, ఈలోగా కార్డు వడ్డీ మోపెడవుతుంది. ఒకటి రెండు నెలల్లో తీరిపోయే అప్పుంటే దాన్ని ముందు వదిలించుకుని, మిగతావాటిని వడ్డీ ఎక్కువ ఉన్నదాని నుంచి కిందికి తీర్చుకుంటూ రావడం మేలు.

తలలో తిరిగే బాకీ

అప్పుల్లో ఉన్నవారు ‘బుర్ర పనిచేయడం లేదు’ అంటారు. 2013లో సెంధిల్ ముల్లయినాథన్, ఎల్దార్ షఫీర్, వారి సహచరులు తమిళనాడులో 464 మంది చెరకు రైతుల్ని కోతకు ముందు ఒకసారి, డబ్బు చేతికొచ్చాక ఒకసారి కలిసి ఆలోచనాశక్తికి సంబంధించిన పరీక్షలు పెట్టారు. కోతకు ముందు అంటే అప్పులూ తాకట్లూ ముమ్మరంగా ఉండే రోజులు. అదే రైతు అప్పుడు తక్కువగా, పంట డబ్బు వచ్చాక మెరుగ్గా రాణించాడు. డబ్బు బెంగ బుర్రలో కొంత జాగాను ఆక్రమించి, మిగతా ఆలోచనలకు చోటు తగ్గిస్తుందన్నది వారి వివరణ.

2019లో సింగపూర్ నుంచి వచ్చిన అధ్యయనం మన లెక్కకు మరీ దగ్గరిది. 196 మంది పేద బాకీదారులకు ఒక స్వచ్ఛంద సంస్థ కొన్ని అప్పులు తీర్చింది. మూడు నెలల తర్వాత చూస్తే వారిలో ఆందోళన తగ్గింది, ఆలోచన తేటపడింది. ఒకే మొత్తం సాయం అందినా, ఎక్కువ ఖాతాలు మూతపడినవారికి ఎక్కువ మేలు జరిగింది. ప్రతి అప్పుకీ ఒక గడువు తేదీ ఉంటుంది, ఒక ఫోను వస్తుంది, తప్పించుకు తిరగాల్సిన ఒక ముఖం ఉంటుంది. అప్పు ఎంతన్నది ఒక బరువు, ఎన్నన్నది ఇంకో బరువు. అందుకని నలిగిపోతున్న మనిషికి ‘ఇంకాస్త గట్టిగా ఉండు’ అని చెప్పే ముందు, అతని తలలోంచి ఒక్క ఖాతానైనా తీసేయడం న్యాయం.

తీరిన అప్పు మళ్లీ ఎందుకొస్తుంది

చెన్నై కోయంబేడు మార్కెట్లో చిరువ్యాపారులు పొద్దున్నే అప్పు తెచ్చి సరుకు కొంటారు, సాయంత్రం వడ్డీతో కట్టేస్తారు. రోజుకు అయిదు శాతం దాకా వడ్డీ. డీన్ కార్లన్, ముల్లయినాథన్, బెంజమిన్ రాత్ ఇక్కడా ఫిలిప్పీన్స్‌లోనూ ఇలాంటి వ్యాపారుల అప్పును పూర్తిగా తీర్చేసి ఏమవుతుందో చూశారు. కొద్ది వారాల్లోనే ఎక్కువమంది మళ్లీ అప్పుల్లోకి వెళ్లారు. వాళ్లు దుబారా మనుషులు కారు. బిడ్డకు జ్వరం వచ్చినా, ఇంట్లో శుభకార్యం పడినా తట్టుకోవడానికి చేతిలో నాలుగు రాళ్లు లేవు.

ప్రతి పైసా అప్పుకే కట్టి చేయి ఖాళీ చేసుకునేవారికి ఇదో పాఠం. పది వేలో పదిహేను వేలో అక్కరకు పక్కన ఉంటే, స్కూటరు రిపేరుకు మళ్లీ కార్డు గీకాల్సిన పని రాదు. దిలీప్ సోమన్, అమర్ చీమా మన దేశంలో కూలి పనివారితో చేసిన ప్రయోగం ఇక్కడ పనికొస్తుంది. పొదుపు డబ్బును కవర్లలో పెట్టి అంటించి, కొన్నిటి పైన వాళ్ల పిల్లల ఫొటో ఉంచారు. ఫొటో ఉన్న కవర్లలో ఎక్కువ మిగిలింది. చేయి పెట్టబోయేసరికి ఆ ముఖాలు కనిపించాయి మరి.

ఒక నెల వాయిదా తప్పినా, పెళ్లి ఖర్చు మీదపడినా అంతా పోయిందనుకోవడం ఇంకో ప్రమాదం. నోటు వెనక చెల్లు వరుసలు ఎప్పుడూ సమాన దూరంలో ఉండవు. పంట పోయిన ఏడాది అక్కడ ఏ వరుసా ఉండదు. ఆ మరుసటి ఏడాది అదే కాగితం మీద మళ్లీ రాస్తారు. రాసినవి చెరిగిపోవు.

పట్టుదలకు మించిన లెక్క

ఈ ఉపాయాలన్నీ ఆదాయంలో వాయిదాకు చోటున్నవారికి. వచ్చే జీతం కంటే పడే వడ్డీ ఎక్కువైతే ఏ నోట్‌బుక్కూ గట్టెక్కించలేదు. 2010లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మైక్రోఫైనాన్స్ అప్పుల ఒత్తిడి ఎన్నో ఇళ్లను విషాదంలోకి నెట్టాక, ప్రభుత్వం ఆ ఏడాది అక్టోబరులో ఆర్డినెన్స్ తేవాల్సి వచ్చిందని మరిచిపోకూడదు. అలాంటి స్థితిలో మొదటి అడుగు వడ్డీని తగ్గించుకోవడం. ఇంట్లో బంగారముంటే బ్యాంకులో కుదువబెట్టి కార్డు బాకీ తీర్చడం, గడువు పెంచమని బ్యాంకును నోరు తెరిచి అడగడం, అప్పు సంగతి ఇంట్లో దాచకుండా చెప్పడం. రికవరీ ఏజెంట్లు ఉదయం 8 గంటలకు ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోన్లు చేయకూడదని రిజర్వు బ్యాంకు 2022లో స్పష్టం చేసింది. బెదిరింపులు భరించాల్సిన ధర్మం ఎవరికీ లేదు. దిగులు ప్రాణం మీదికొచ్చేలా ఉంటే టెలిమానస్ 14416కు ఫోన్ చేయవచ్చు. అది ప్రభుత్వ సేవ, ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు.

ఈ ఆదివారం ఒక గంట తీరిక చేసుకుని మీ అప్పులన్నీ ఒక కాగితం మీద రాయండి. ప్రతిదాని పక్కన వడ్డీ ఎంతో, అది ఒకప్పుడు ఎంతుండేదో, ఇవాళ ఎంతుందో వేయండి. తర్వాత ఆ కాగితాన్ని వెనక్కి తిప్పి, ఇప్పటిదాకా తీరిందంతా మొదటి చెల్లుగా రాయండి, తేదీ వేయండి. వచ్చే నెల దాని కింద ఇంకో వరుస. బ్యాంకు మీకు ఇవ్వని వెనకవైపు అదే. ఏదో ఒకనాటికి ‘నో డ్యూ’ పత్రం చేతికొస్తుంది. అది మాత్రం భద్రంగా దాచుకోండి. మీరు గీసుకున్న ఈ కాగితాన్ని వాకిట్లో నిలబడి, ఇంట్లోవాళ్లందరినీ పిలిచి, చించండి.